పనితనానికి వెల

వేసవి మధ్యాహ్నం. విజయవాడ నగరంలో ఒక మధ్యతరగతి గృహస్థుని ఇంట్లో ఉదయం నుంచి దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఫ్యాను కాసేపు వేగంగాను, కాసేపు నీరసంగాను తిరుగుతున్నది. నీళ్ల మోటారు వేయగానే దీపాల వెలుగు సగానికి పడిపోతున్నది. కబురందుకొని ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వచ్చీ రాగానే ఆయన పనిలోకి దిగలేదు. "ఏది వేసినప్పుడు వెలుగు తగ్గుతోంది సార్? ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది? పక్క వాటాలో కూడా ఇలాగే ఉందా?" అని మూడు ప్రశ్నలు వేశాడు. ఆ తరువాత మెయిన్ ఆపివేసి, సరఫరా లేదని టెస్టరుతో నిర్ధారించుకొని, ఫ్యూజుల పెట్టె మూత విప్పాడు. న్యూట్రల్ తీగను పట్టి ఉంచే స్క్రూ వదులై, తీగ కొన నల్లగా మాడిపోయి ఉన్నది. మాడిన మేర కత్తిరించి, కొత్త కొన తీసి, స్క్రూ గట్టిగా బిగించాడు. అడగకపోయినా మిగిలిన స్క్రూలను కూడా ఒక్కొక్కటిగా పరీక్షించాడు. మోటారు, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేయించి చూశాడు. దీపం చలించలేదు. ఇదంతా పావుగంటలో ముగిసింది.

"నాలుగు వందలు ఇప్పించండి సార్" అన్నాడు.

గృహస్థుని ముఖం మారింది. "ఏమయ్యా! ఒక్క స్క్రూ బిగించినందుకు నాలుగు వందలా? గట్టిగా పావుగంట పట్టిందా?" అన్నాడు. బేరం సాగింది. చివరకు రెండు వందల యాభై రూపాయలు చేతిలో పెట్టి పంపించాడు. ఎలక్ట్రీషియన్ మారు పలకకుండా సంచి సర్దుకొని వెళ్లిపోయాడు.

అదే గృహస్థు ఆ ఉదయమే వైద్యుని దగ్గరకు వెళ్లి వచ్చాడు. అక్కడ వైద్యుడు ఐదు నిమిషాలు పరీక్షించి ఒక చీటీ రాసి ఇచ్చాడు. గృహస్థు ఐదు వందల రూపాయలు చెల్లించాడు. "ఒక్క చీటీ రాసినందుకు ఐదు వందలా?" అన్న ప్రశ్న ఆయన నోటి వెంట రాలేదు; మనసులోనైనా మెదలలేదు.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. పట్టణాల్లోను, పల్లెల్లోను నిత్యం జరిగే వ్యవహారమే. ఒకరి విషయంలో విద్యకు వెల చెల్లించిన చేయి, మరొకరి విషయంలో గడియారం చూసి వెల కట్టింది. వైద్యుడు రాసిన చీటీ వెనుక ఏళ్ల తరబడి చదివిన చదువు ఉన్నదని అందరూ గ్రహిస్తారు. స్క్రూ బిగించిన చేతి వెనుక కూడా ఒక చదువు, ఒక అనుభవం, ఒక బాధ్యత ఉన్నాయన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఈ అసమానత ఎక్కడి నుంచి వచ్చింది? దానివల్ల నష్టపోయేది ఎవరు? ఆలోచించవలసిన విషయమే.

ముందుగా గృహస్థుని లెక్కను పరిశీలించాలి. పావుగంటకు 400 రూపాయలైతే గంటకు 1,600. ఎనిమిది గంటల రోజుకు 12,800. నెలకు 26 పనిదినాలనుకుంటే మూడు లక్షలు దాటుతుంది. ఈ లెక్క ప్రకారం ఆ ఎలక్ట్రీషియన్ ఉన్నతోద్యోగుల కంటే సంపన్నుడై ఉండాలి. ఆయన జీవితం అలా లేదు. ఎందుకంటే ఆ పావుగంట పనికి ముందు ఎండలో ప్రయాణం ఉంది. కావలసిన సామాను కోసం దుకాణానికి వెళ్లి రావడం ఉంది. "ఇంట్లో ఎవరూ లేరు, రేపు రండి" అనిపించుకొని వెనుదిరిగిన ప్రయాణాలు ఉన్నాయి. ఒక్కొక్క పిలుపుకు గంటన్నర నుంచి రెండు గంటలు ఖర్చవుతాయనుకుంటే, రోజుకు నాలుగు ఇళ్లకు మించి చూడటం కష్టం. నాలుగు ఇళ్లకు 1,600 రూపాయలు. పెట్రోలుకు, ఫోనుకు, పనిముట్ల అరుగుదలకు 250 తీసివేస్తే మిగిలేది 1,350. నెలలో ఇరవై రోజులే పని దొరికిందనుకుంటే 27 వేల రూపాయలు. అది కూడా అడిగిన మొత్తాన్ని అందరూ ఇచ్చినప్పటి మాట. అందరూ రెండు వందల యాభై చొప్పున ఇస్తే నెలకు మిగిలేది 15 వేలు. అందులోనే అద్దె, పిల్లల చదువు, జబ్బు చేసినప్పటి ఖర్చు వెళ్లాలి. ఆయనకు జీతంతో కూడిన సెలవు లేదు, పింఛను లేదు, చేయి కాలితే పని లేని రోజులకు పరిహారం లేదు.

కాబట్టి పావుగంటకు చెల్లించే సొమ్ములో ఆ పావుగంట విలువ స్వల్పం. మిగిలినది కనిపించని కాలానికి, కనిపించని విద్యకు చెల్లించే వెల.

సుమారు నూట యాభై ఏళ్ల క్రితం ఇంగ్లండులో ఇదే ప్రశ్న న్యాయస్థానానికి వెళ్లింది. విస్లర్ అనే చిత్రకారుడు రాత్రివేళ ఆకాశంలో రాలే బాణసంచా వెలుగులను ఒక చిత్రంగా గీసి, దానికి 200 గినీలు ధర నిర్ణయించాడు. ప్రసిద్ధ విమర్శకుడు జాన్ రస్కిన్ 1877లో ఆ ధరను, ఆ చిత్రాన్ని తీవ్రంగా అధిక్షేపించాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878లో విచారణ జరిగింది. రెండు రోజుల శ్రమకు ఇంత సొమ్ము అడుగుతున్నారా అని రస్కిన్ పక్షపు న్యాయవాది ప్రశ్నించాడు. రెండు రోజుల శ్రమకు కాదు, జీవితకాలంలో సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నానని విస్లర్ సమాధానమిచ్చాడు. దావాలో ఆయన గెలిచాడు. కాని పరిహారంగా దక్కినది ఒక్క ఫార్దింగు, అంటే పెన్నీలో నాలుగవ వంతు మాత్రమే. ఖర్చుల భారంతో మరుసటి సంవత్సరమే ఆయన దివాలా తీశాడు. సమాధానం సరియైనదే అయినా, దానికి లోకం కట్టిన వెల అంతే! విజయవాడ ఎలక్ట్రీషియన్‌కు ఆ సమాధానం చెప్పే అవకాశం కూడా రాలేదు.

విచిత్రమేమిటంటే, శ్రమ విలువను గురించి లోకాన్ని ఆలోచింపజేసిన గ్రంథాలలో ఒకటి ఆ రస్కిన్ రాసినదే. ఆయన 1860లో వ్యాసాలుగా ప్రచురించి, 1862లో పుస్తకంగా వెలువరించిన 'అన్ టు దిస్ లాస్ట్'ను గాంధీజీ 1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు వెళ్లే రైలులో చదివారు. న్యాయవాది పనికి ఎంత విలువ ఉన్నదో క్షురకుని పనికీ అంతే విలువ ఉన్నదనే భావాన్ని ఆయన ఆ పుస్తకం నుంచి గ్రహించారు. 1908లో 'సర్వోదయ' అనే పేరుతో గుజరాతీలో దాని సారాంశాన్ని అందించారు. ఆ గ్రంథంలోనే రస్కిన్ వేతనాలను గురించి ఒక గొప్ప ఆలోచన చెప్పాడు. పనికి నిశ్చితమైన వెల ఉండాలి. మంచి పనివానికి పని దొరకాలి, చెడ్డ పనివానికి దొరకకూడదు. అలా కాక చెడ్డ పనివాడు సగం ధరకు చేస్తానని ముందుకు రావడాన్ని సమాజం అనుమతిస్తే, అతడు మంచివాని స్థానాన్ని ఆక్రమిస్తాడు. లేదా మంచివానిని కూడా చాలీచాలని వెలకు పనిచేసేటట్లు చేస్తాడు. ఈ మాటలు నేటి ఇళ్ల వైరింగుకు అక్షరాలా వర్తిస్తాయి.

తలుపు సరిగా పడకపోతే వడ్రంగి పనిలోని లోపం ఆనాడే తెలుస్తుంది. చొక్కా బిగుతైతే దర్జీ లోపం తొడుక్కోగానే తెలుస్తుంది. విద్యుత్తు పని అటువంటిది కాదు. అది గోడలోపల, గొట్టాలలో దాగి ఉంటుంది. అన్నింటికంటే ప్రమాదకరమైన విషయమేమిటంటే, పని తప్పుగా చేసినా దీపం వెలుగుతుంది. స్విచ్చిని ఫేజు తీగలో అమర్చాలి. తెలియనివాడు దానిని న్యూట్రల్ తీగలో అమర్చినా దీపం వెలుగుతుంది, ఆరుతుంది. కాని స్విచ్చి ఆపి ఉన్నప్పుడు కూడా దీపపు హోల్డరులో విద్యుత్తు పొంచి ఉంటుంది. ఏడాది తరువాత బల్బు మార్చబోయిన వ్యక్తికి అది తెలుస్తుంది.

తీగ మందం విషయమూ అంతే. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. దీపాలకు వేసే సన్నని తీగతోనే దానికి సరఫరా ఇచ్చినా నీళ్లు కాగుతాయి. ఇంటివారు సంతోషిస్తారు. కాని తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని భౌతికశాస్త్రం చెబుతున్నది. అంటే ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అదే తీగపై మరొకటి, ఇంకొకటి చేరేకొద్దీ పైపొర ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి, ఒకనాడు చిట్లుతుంది. అతుకు వదులైన చోట నిరోధం పెరిగి వేడి మరీ ఎక్కువవుతుంది. విజయవాడ ఇంట్లో మాడిన న్యూట్రల్ కొన చెప్పినది ఈ సంగతే. ఆ స్క్రూ మరికొన్నాళ్లు అలాగే ఉంటే నిప్పు రాజుకొనే అవకాశం ఉన్నది.

ఇక ఎర్తింగు సంగతి. గీజరులో లోపం ఏర్పడి దాని లోహపు తొడుగుకు విద్యుత్తు సోకితే, ఎర్తు తీగ దానిని భూమికి చేరవేస్తుంది; ఆ అధిక ప్రవాహానికి ఫ్యూజు పోతుంది, లేదా ఎమ్.సి.బి. పడిపోతుంది. ఎర్తు తీగ లేకపోతే ఆ మార్గం మనిషి శరీరమే అవుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచివేసే పరికరాన్ని ప్రాణరక్షణ కోసం అమర్చుతారు. గీజరు తీసుకొనే విద్యుత్తుతో పోలిస్తే అది ఎంత స్వల్పమో గమనిస్తే, మనిషి ప్రాణానికి ఎంత కొద్దిపాటి విద్యుత్తు చాలునో తెలుస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో మన దేశంలో విద్యుదాఘాతం వల్ల 12 వేలకు పైగా ప్రజలు మరణించారు. వీటన్నింటికీ ఇళ్ల వైరింగే కారణం కాదు. పొలాల్లోని మోటార్లు, తెగిపడిన తీగలు, పనిచేసే చోట అజాగ్రత్త కూడా ఉన్నాయి. అయినప్పటికీ విద్యుత్తు పనిని ఎవరైనా చేయగల చిన్నపనిగా భావించరాదనడానికి ఈ సంఖ్య చాలు.

ఇంత బాధ్యత ఉన్న పనికి వెల ఎలా నిర్ణయమవుతున్నది? కొత్త ఇంటి వైరింగుకు కొందరు పాయింటుకు ఇంత అని, కొందరు చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకొంటారు. మరికొందరు పనినంతా గుత్తకు ఇస్తారు. చిన్న మరమ్మతులకైతే రోజు కూలి, లేదా అప్పటికప్పుడు తోచిన మొత్తం. ఇంటి యజమాని నలుగురిని పిలిచి, అందరిలో తక్కువ చెప్పినవానికి పని అప్పగిస్తాడు. పాయింట్ల లెక్కలో దీపం ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, ప్లగ్గు ఉంటుంది. ఎర్తు తీగకు ప్రత్యేకంగా పాయింటు ఉండదు. బేరంలో వెల తగ్గినకొద్దీ, లెక్కకు రానివీ కంటికి కనిపించనివీ ముందుగా మాయమవుతాయి. 'పిండి కొద్దీ రొట్టె' అన్న సామెత ఇక్కడ గోడల లోపల నిజమవుతుంది. లక్షలు పోసి చలువరాయి పరిచే యజమాని, ప్రాణాన్ని కాపాడే తీగ దగ్గర వందలు మిగిల్చానని సంతోషించడం విచారకరం.

ఈ వైఖరికి మూలాలు పాతవి. పూర్వం తెలుగు గ్రామాలలో ఆయగాండ్ర వ్యవస్థ ఉండేది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి మొదలైన వృత్తులవారు ఏడాది పొడవునా రైతుల పనులు చేసేవారు. పంట నూర్చిన కళ్లంలో వారికి ధాన్యం రూపంలో 'మేర' కొలిచి ఇచ్చేవారు. ఏ పనికి ఆ పనికి వెల అడిగే పద్ధతి సాధారణంగా ఉండేది కాదు. ఆ వ్యవస్థలో జీవనానికి కొంత భరోసా ఉన్నమాట నిజమే. కాని వెల నిర్ణయించే స్వేచ్ఛ పనివానికి లేదు. కాయకష్టం చేసే కులాలను తక్కువగా చూసే దురాచారం దానికి తోడైంది. నేడు మేర పోయింది, భరోసా పోయింది. 'ఇచ్చినది పుచ్చుకో' అనే ధోరణి మాత్రం మిగిలింది.

నిత్యవ్యవహారంలోని మాటలే దీనికి సాక్ష్యం. వైద్యునికి, న్యాయవాదికి ఇచ్చేది 'ఫీజు'. ఉద్యోగికి ఇచ్చేది 'జీతం'. పురోహితునికి ఇచ్చేది 'సంభావన'. పనివానికి ఇచ్చేది 'కూలి'. వైద్యుడు వస్తే "డాక్టరుగారు వచ్చారు" అంటారు. ఎలక్ట్రీషియన్ వస్తే "కరెంటువాడు వచ్చాడు" అంటారు. ఇంటి పెద్దలు ఏ మాట వాడితే ఆ మాటనే పిల్లలు నేర్చుకొంటారు. మాటతోపాటు ఆ మాటలోని చిన్నచూపును కూడా నేర్చుకొంటారు.

అయితే తప్పంతా వినియోగదారునిదేనని చెప్పడం న్యాయం కాదు. పనివారి పట్ల ప్రజలకు ఉన్న అనుమానం పూర్తిగా నిరాధారమైనది కాదు. ధర ముందుగా చెప్పకుండా పని ముగిశాక పెద్ద మొత్తం అడిగేవారు ఉన్నారు. బాగున్న స్విచ్చిని పాడైందని చెప్పి మార్చేవారు, దుకాణదారు నుంచి కమీషను పుచ్చుకొని నాసిరకం తీగ కొనిపించేవారు, అడ్వాన్సు తీసుకొని ఫోను ఎత్తనివారు ఉన్నారు. ఇటువంటివారి చేతిలో ఒకసారి మోసపోయిన గృహస్థు తరువాత వచ్చిన నిజాయతీపరుణ్ణి కూడా అదే కంటితో చూస్తాడు.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాసిన ఒక వ్యాసంలో ఈ పరిస్థితిని వివరించాడు. వాడిన కార్లు కొనేవారికి ఏది మంచిదో, ఏది చెడ్డదో తెలియదు. అందువల్ల వారు మంచి కారుకు తగిన ధర ఇవ్వడానికి వెనుకాడతారు. తగిన ధర రానప్పుడు మంచి కార్ల యజమానులు సంత నుంచి తప్పుకొంటారు, చెడ్డవే మిగులుతాయి. 2001లో నోబెల్ పురస్కారం పొందిన ఆ ఆర్థికవేత్త చెప్పిన సూత్రం వృత్తిపనులకూ వర్తిస్తుంది. పనితనాన్ని గుర్తించలేని చోట వెల ఒక్కటే కొలబద్ద అవుతుంది. వెల ఒక్కటే కొలబద్ద అయిన చోట పనిమంతులు విసిగి మరొక ఉపాధి చూసుకొంటారు. చివరకు గృహస్థుకు మిగిలేది ఆయన భయపడిన పనివాడే.

ఈ చిక్కుకు విరుగుడు గుర్తింపు. విద్యుత్తు పనికి చదువు ఉంది. పదవ తరగతి తరువాత పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద కర్మాగారాల్లో శిక్షణ పొందే అవకాశం ఉంది. చట్టం కూడా ఈ పనిని తేలికగా వదిలిపెట్టలేదు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోను, వాటి స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, తిరిగి 2023లోను తెచ్చిన నిబంధనలలోను ఈ విషయం స్పష్టంగా ఉంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడం వంటి చిన్నపనులను మినహాయిస్తే, వైరింగు కొత్తగా వేయడం, పెంచడం, మార్చడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో, అనుమతి పత్రం ఉన్నవారే చేయాలి. వైద్యుని గోడపై పట్టాను చూసి నమ్మే గృహస్థు, ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌ను "మీరు ఎక్కడ శిక్షణ పొందారు? అనుమతి పత్రం ఉందా?" అని ఒక్కసారి అడగడం అలవరచుకోవాలి. ఆ ప్రశ్న అవమానం కాదు. ఆ వృత్తికి చేసే గౌరవం. చదివి వచ్చినవానికి అది సంతోషాన్నే ఇస్తుంది. అర్హత ఉన్నవానికి, లేనివానికి మధ్య తేడాను సమాజం గుర్తించిన నాడే వెలలో తేడాకు అర్థం ఏర్పడుతుంది.

పనివారికీ కర్తవ్యం ఉంది. పని చూసిన వెంటనే, విప్పడానికి ముందే, ధర చెప్పాలి. కూలి ఎంతో, సామాను ఎంతో విడివిడిగా కాగితం మీద రాసి ఇవ్వాలి. మార్చిన పాత భాగాన్ని యజమాని చేతికి అప్పగించాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ఏమి చేశారో, ఎందుకు చేశారో నాలుగు మాటలలో వివరించాలి. విజయవాడ ఎలక్ట్రీషియన్ మాడిన తీగ ముక్కను గృహస్థుకు చూపించి, "ఇది ఇలాగే ఉంటే మంట లేచేది సార్, మిగిలిన స్క్రూలు కూడా సరిచూశాను" అని చెప్పి ఉంటే, బేరం అంత దూరం వెళ్లి ఉండేది కాదేమో! కనిపించని పనిని కనిపించేటట్లు చేయడం కూడా వృత్తిధర్మంలో భాగమే.

తగిన వెల లభించని చోట బలయ్యేది శ్రద్ధ. ఆ మధ్యాహ్నం గృహస్థు మిగిల్చుకొన్నది నూట యాభై రూపాయలు. మరొకనాడు ఆ ఇంటి నుంచి పిలుపు వస్తే ఆ ఎలక్ట్రీషియన్ వస్తాడేమో. వదులైన స్క్రూను బిగిస్తాడేమో. కాని ఎవరూ అడగకుండానే మిగిలిన స్క్రూలన్నింటినీ పరీక్షించే ఓపిక ఆయనకు ఉంటుందా? ఒకవేళ ఆయన రాకపోతే, రెండు వందలకే చేస్తానని వచ్చే మరొకరికి వాటిని పరీక్షించాలన్న ఆలోచనైనా తడుతుందా?

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు వైద్యులవుతారు, కొందరు ఈ వృత్తివిద్యలనే చేపడతారు. అందరూ ఏదో ఒకనాడు ఏదో ఒక పనికి వెల చెల్లిస్తారు. ఏదో ఒక పనికి వెల పుచ్చుకొంటారు. చెల్లించేటప్పుడు గడియారాన్ని కాక ఆ పని వెనుక ఉన్న విద్యను చూడాలి. పుచ్చుకొనేటప్పుడు ఆ విద్యకు తగిన నిజాయతీ చూపాలి. ఈ రెండూ కలిసిన ఇంట్లో గోడల లోపలి తీగలు కూడా భద్రంగా ఉంటాయి.